అడిగితేనే మెరిసే రాయి

చూడగానే విలువ తెలిసిపోయే నగను ఎవరైనా కొంటారు. అందులో గొప్పేముంది? పెట్టుకున్నవాళ్లు పావుగంట విడమరిచి చెబితే తప్ప బోధపడని నగ ఉండాలి, అప్పుడు కదా అభిరుచి బయటపడేది! ఈ పరీక్షలో డెమాంటాయిడ్‌ని మించిన రాయి లేదని ఘంటాపథంగా చెప్పగలను.

ఇది ఆకుపచ్చ గార్నెట్. ఆ ముక్క అనగానే ఎదుటివారు "గార్నెట్ ఎర్రగా కదా ఉంటుంది?" అంటారు. వాళ్ల తప్పేం లేదు, లాటిన్‌లో దానిమ్మ గింజల మాటలోంచే కదా ఆ పేరు పుట్టింది! దీన్ని పచ్చి దానిమ్మ అనుకోవాలి కాబోలు. 1850లలో రష్యాలోని ఉరల్ పర్వతాల్లో బయటపడ్డ ఈ రాయిని వ్యాపారులు 'ఉరల్ పచ్చ' అని కూడా అమ్ముకున్నారు. ఫిన్లాండ్ ఖనిజ శాస్త్రవేత్త నిల్స్ నార్డెన్‌షెల్డ్ పరీక్ష చేసి, ఇది గార్నెట్టేనని తేల్చి, 'వజ్రంలాంటిది' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. పాపం, అయితే పచ్చలాంటిది, లేకపోతే వజ్రంలాంటిది. తనలాంటిది అన్నవాడు ఒక్కడూ లేడు.

వజ్రంతో పోల్చడంలో అన్యాయమేమీ లేదు లెండి. తెల్లని వెలుగును రంగులుగా విడగొట్టే గుణం వజ్రానికి 0.044 అయితే దీనికి 0.057. కాకపోతే చిన్న మెలిక ఉంది. ఆకుపచ్చ చిక్కనయ్యేకొద్దీ ఆ రంగుల మిలమిల కనపడకుండా పోతుంది. రాళ్ల గట్టిదనాన్ని పదికి లెక్కగట్టే మోస్ కొలతలో దీని కాఠిన్యం 6.5 నుంచి 7. మన ఇళ్లల్లో పేరుకునే దుమ్ములోని క్వార్ట్జ్ కూడా 7. అంటే, వజ్రం కంటే మెరిసే ఈ రాయి దుమ్ము ముందు తలవంచుకోవాల్సిందే. దీన్ని రోజూ పెట్టుకుని తిరగడం కంటే రోజూ దీని గురించి మాట్లాడటమే క్షేమం.

అసలు మహిమంతా దీని లోపంలో ఉంది. మా వదిన హ్యాండ్‌బ్యాగులో ఈ రాయి పొదిగిన ఉంగరంతోపాటు, పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం కూడా ఉంటుంది. "కంటికి దగ్గరగా పెట్టుకో మరిదీ, ఊపిరి బిగబట్టు" అంది. బిగబట్టాను. ఆకుపచ్చ నీటి అడుగున నల్లని నలుసొకటి, దాంట్లోంచి విచ్చుకున్న బంగారు రంగు పీచు. వంపు తిరిగిన ఒక్కో పోగూ వెంట్రుక కంటే సన్నం. "గుర్రపు తోక!" అంది వదిన, గుర్రాన్నే కొన్నంత గర్వంగా.

ఆ తోక క్రిసోటైల్, అంటే ఆస్‌బెస్టాస్ పీచు. ఇంటి కప్పులో ఉందంటే మాస్కులు కట్టుకుని పీకించే పదార్థమే, రాయిలో చిక్కుకుని వేలిమీదికి చేరితే ధర పెంచుతుంది. మిగతా రత్నాల్లో మచ్చ కనిపిస్తే మొహం తిప్పుకునేవాళ్లే ఇక్కడ మచ్చ లేదంటే పెదవి విరుస్తారు. నమీబియా, మడగాస్కర్ గనుల్లోంచి వచ్చే రాళ్లకు ఈ తోక ఉండదు. కడిగిన ముత్యంలా పుట్టినందుకు అవి పడే అవమానం అంతా ఇంతా కాదు. ఈ న్యాయం మనుషులకూ వర్తిస్తే నేనీపాటికి వేలంపాటలో ఉండేవాణ్ణి.

సావరైట్ అని ఇంకో ఆకుపచ్చ గార్నెట్ ఉంది. 1967లో టాంజానియాలో క్యాంప్‌బెల్ బ్రిడ్జెస్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడు. కెన్యాలోని సావో పార్కు మీదుగా 1974లో అమెరికా నగల కంపెనీ టిఫనీ వాళ్లు దానికా పేరు పెట్టారు. జాతిరీత్యా మన గోమేధికానికి స్వయానా తోబుట్టువు. డెమాంటాయిడ్ కంటే కాస్త గట్టిది కూడా. పచ్చలకు పగుళ్లు కప్పిపుచ్చడానికి నూనె పట్టిస్తారు కానీ దీనికి ఆ అవసరం రాదు. నిజాయితీపరురాలే, ఒప్పుకుంటాను. కానీ తోక లేదు. భూతద్దంలో ఏం చూపించి మనుషుల్ని కూర్చోబెట్టగలం?

మొన్న పదిమంది చేరినచోట ఒక పెద్దావిడ వదిన చెయ్యి పట్టుకుని "పచ్చ బాగుందమ్మాయ్" అంది. ఇక వదినకు పూనకం వచ్చింది. ఉరల్ దగ్గర ఎత్తుకుని, 0.057 మీదుగా గుర్రపు తోక దాకా వచ్చి, రష్యా చక్రవర్తుల కొలువుకు నగలు చేసిన ఫాబెర్జే కూడా ఈ రాళ్లు పొదిగాడని చెప్పి, భూతద్దం చేతికిచ్చింది. పెద్దావిడ అంతా ఓపిగ్గా వింది. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. ఆనక ఉంగరాన్ని వదిన వేలికి తనే తొడిగి, బుగ్గ నిమిరింది.

"పోనీలేమ్మా, ఈసారి డబ్బు కూడినప్పుడు నిజం పచ్చే కొనుక్కుందువుగాని."