‘జీవులను పట్టుకునే గేమ్‌లన్నీ ఇక నింటెండోవే’ అన్న మాట నిజం కాదు

పాల్‌వరల్డ్ అనే వీడియో గేమ్ మీద, పోకెమాన్ గేమ్‌ల జపాన్ కంపెనీ నింటెండో కేసు వేసిన దగ్గర్నుంచీ ఒక పోస్టు రూపాలు మార్చుకుంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని సారం ఇది: జీవులను పట్టుకుని వాటితో పోరాడించే ఐడియాకే నింటెండో పేటెంట్ తీసుకుంది, ఇక అలాంటి గేమ్ ఎవరూ చేయడానికి లేదు. నామ్కో అనే గేమ్ కంపెనీ పేటెంట్ వల్ల ఇరవై ఏళ్లపాటు లోడింగ్ స్క్రీన్‌లో చిన్న గేమ్ పెట్టే దిక్కు లేకపోయింది. శత్రువులు మనల్ని గుర్తుపెట్టుకుని పగబట్టే నెమెసిస్ సిస్టమ్‌కు వార్నర్ బ్రదర్స్ తాళం వేసుకుని కూర్చుంది. పేటెంట్ ఒకసారి వచ్చిందంటే అంతే సంగతులు. గేమ్ పేటెంట్లంటే పెద్ద కంపెనీల దోపిడీ, కాబట్టి చిన్నవాళ్లు ఈ జోలికి పోకపోవడమే మంచిది.

ఆ చివరి సలహా చదివాకే ఇది రాయాలనిపించింది. ఇప్పుడిప్పుడే యూనిటీయో గోడోయో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు) నేర్చుకుని, సొంతంగా ఒక గేమ్ మొదలుపెట్టిన కుర్రాళ్లు ఇలాంటి మాట చదివి టెన్షన్ పడి ప్రాజెక్టు పక్కన పెట్టేస్తే, ఆ నష్టం చేసింది ఏ పేటెంటూ కాదు, ఈ పోస్టే. అందుకే ఇందులో ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

“ఐడియాకే పేటెంట్ తీసుకున్నారు”

కాదు. పేటెంట్ పత్రంలో పేరు, సారాంశం, బొమ్మలు, పేజీల కొద్దీ వివరణ ఉంటాయి. వార్తల్లో తిరిగేవి ఆ పేరూ ఆ బొమ్మలే. చట్టం దృష్టిలో హక్కు నడిచేది మాత్రం ‘క్లెయిములు’ అనే భాగం మీద. పొలం దస్తావేజులో నాలుగు వైపులా హద్దులు రాసినట్టు, క్లెయిములో ఆవిష్కరణకు హద్దులు రాస్తారు. ఒక క్లెయిములో ఆరు అంశాలు ఉంటే, ఆ ఆరూ మీ గేమ్‌లో ఉంటేనే, లేదా వాటికి సమానమైనవి ఉంటేనే, ఉల్లంఘన. ఒక్కటి నిజంగా లేకపోతే మీరు హద్దు బయట ఉన్నట్టే.

పాల్‌వరల్డ్ కేసునే చూడండి. ఆ గేమ్ 2024 జనవరి 19న ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తిగా తయారవకముందే అమ్మకానికి పెట్టే పద్ధతిలో, విడుదలైంది. జీవులు పోకెమాన్‌లా ఉన్నాయని అందరూ గోల చేశారు కాబట్టి కాపీరైట్ కేసు వస్తుందనుకున్నారు. కానీ 2024 సెప్టెంబర్‌లో నింటెండో, పోకెమాన్ కంపెనీ కలిసి టోక్యో జిల్లా కోర్టులో వేసింది పేటెంట్ కేసు. పాల్‌వరల్డ్ తయారీదారు పాకెట్‌పెయిర్ నవంబర్‌లో వివరాలు బయటపెట్టింది. కేసులో ఉన్నవి మూడు జపాన్ పేటెంట్లు: 7545191, 7493117, 7528390. ఒక్కో కంపెనీ 50 లక్షల యెన్‌లు, రెండూ కలిపి కోటి యెన్‌లు, ఆలస్యానికి అదనపు సొమ్ము, దాంతోపాటు గేమ్‌ను ఆపాలనే ఆదేశం కోరాయి. కోటి యెన్‌లంటే మన డబ్బుల్లో అర కోటి రూపాయలు దాటిన మొత్తం. ఇక్కడ డబ్బు చిన్నది, అసలు ఒత్తిడి ఆ నిలుపుదల ఆదేశంలో ఉంది.

ఆ మూడింటిలో రెండు, ఆటగాడు మైదానంలో నిలబడి గురిపెట్టి ఒక వస్తువును విసిరి జీవిని పట్టుకోవడం, అలాగే విసిరి తన జీవిని బయటికి దింపడం లాంటి వరుస పనుల గురించి. మూడోది స్వారీ చేసే జీవులను ఒకదాని నుంచి ఇంకోదానికి సాఫీగా మార్చుకోవడం గురించి. ‘జీవులను పట్టుకోవడం’ అనే రెండు మాటల మీద హక్కు వీటిలో ఎక్కడా లేదు. ఉండటానికీ వీల్లేదు. 1987లో వచ్చిన మెగామి టెన్సెయ్‌లోనే ఆటగాడు రాక్షసులతో మాట్లాడి తన జట్టులో కలుపుకునేవాడు. 1992 నాటి డ్రాగన్ క్వెస్ట్ 5లో ఓడిన జీవులు మన వెంట వచ్చేవి. పోకెమాన్ మొదటి గేమ్ వచ్చింది 1996లో. ఆ తర్వాత టెమ్‌టెమ్, కోరోమాన్, క్యాసెట్ బీస్ట్స్ లాంటివి వచ్చాయి. అవన్నీ ఈ కోవ గేమ్‌లే.

కేసు నడుస్తుండగానే పాకెట్‌పెయిర్ ఏం చేసిందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 2024 నవంబర్ చివర్లో ఒక ప్యాచ్ (గేమ్‌ను మార్చే అప్‌డేట్) తెచ్చింది. దాంతో గోళం విసిరి మన జీవిని బయటికి పిలవడం పోయింది, ఇప్పుడు అది ఆటగాడి పక్కనే ప్రత్యక్షమవుతుంది. 2025 మేలో ఇంకో మార్పు చేసింది. జీవిని పట్టుకుని గాల్లో తేలడానికి బదులు ఇప్పుడు గ్లైడర్ ఉండాలి. ఈ మార్పులకు కారణం కేసేనని ఆ కంపెనీయే చెప్పింది, పేటెంట్లు చెల్లవని కూడా వాదిస్తోంది. మార్పుల వల్ల ఆట కొంత చప్పబడిందని ఆటగాళ్లు బాధపడ్డారు, ఆ బాధ న్యాయమే. కానీ జీవులు అక్కడే ఉన్నాయి, పట్టుకోవడం ఉంది, పోరాటం ఉంది, గేమ్ అమ్ముడవుతోంది. ఐడియాకే పేటెంట్ ఉంటే రెండు ప్యాచ్‌లతో తప్పుకునే దారి వెతకడం కుదిరేదే కాదు.

“గేమ్ వచ్చాక పేటెంట్ వేశారు, అది అడ్డగోలు మోసం”

ఇది అదే పోస్టు కింద నింటెండో వ్యతిరేకులు కలిపే మాట. సగం నిజం కాబట్టి దీన్ని జాగ్రత్తగా విడదీయాలి. ఆ మూడు పేటెంట్ల దరఖాస్తులు 2024లో, అంటే పాల్‌వరల్డ్ వచ్చాకే పడ్డాయి. అయితే అవి కొత్తవి కావు. 2021 డిసెంబర్ నాటి పాత దరఖాస్తుల నుంచి విడదీసినవి, డివిజనల్ అప్లికేషన్లు. నింటెండో గేమ్ పోకెమాన్ లెజెండ్స్ ఆర్సియస్ విడుదలకు కొద్దిగా ముందు వేసినవి ఆ పాతవి. డివిజనల్‌లో మాతృ దరఖాస్తులో లేని కొత్త విషయం చేర్చడానికి వీల్లేదు, కానీ ఉన్నదాన్నే కొత్త మాటల్లో క్లెయిముగా రాసుకోవచ్చు. తేదీ మాత్రం పాతదే లెక్క.

కాబట్టి మోసం అనలేం, చట్టం ఒప్పుకున్న పద్ధతే. కానీ పోటీదారుడి గేమ్ ఎదురుగా పెట్టుకుని, దానికి సరిగ్గా తగిలేలా క్లెయిములు దిద్దుకునే వెసులుబాటు ఈ పద్ధతిలో ఉంది. అది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. గేమ్ చేసేవాడు విడుదలకు ముందు అన్ని పేటెంట్లూ వెతికి చూసుకున్నా, అప్పటికింకా పుట్టని క్లెయిములు అతనికి ఎక్కడ దొరుకుతాయి? కోపం రావాల్సింది దీని మీద. ‘ఐడియా మొత్తం లాగేసుకున్నారు’ అనే పుకారు మీద ఆ కోపం ఖర్చయిపోతే, చట్టంలో ఉన్న ఈ లొసుగు గురించి అడిగేవాళ్లుండరు.

“పేటెంట్ ఒకసారి వచ్చిందంటే అంతే”

2025 సెప్టెంబర్ 2న అమెరికాలో నింటెండోకు 12,403,397 నంబరుతో ఇంకో పేటెంట్ వచ్చింది. ఆటగాడు ఒక ఉప పాత్రను పిలిచి పోరాడించడం గురించి. దీన్ని చూసే చాలామంది ‘ఇక అయిపోయింది’ అన్నారు. రెండు నెలలకే, నవంబర్‌లో, అమెరికా పేటెంట్ ఆఫీసు డైరెక్టర్ జాన్ స్క్వైర్స్ తనంతట తానే దాన్ని మళ్లీ పరిశీలించమని ఆదేశించారు. ఆధారంగా చూపించినవి రెండు పాత దరఖాస్తులు, ఒకటి కొనామీ అనే గేమ్ కంపెనీది, రెండోది స్వయంగా నింటెండోదే. డైరెక్టర్ తానే పూనుకుని ఇలా ఆదేశించడం అంతకుముందు ఏళ్ల తరబడి జరగలేదు.

జపాన్‌లోనూ అంతే. కేసులోని పేటెంట్లకు బంధువైన ఇంకో నింటెండో దరఖాస్తుకు 2025 అక్టోబర్‌లో అక్కడి పేటెంట్ ఆఫీసు తిరస్కరణ కారణాలు పంపింది. ఇందులో కొత్తగా కనిపెట్టినంత విశేషం లేదని చెబుతూ చూపించిన పాత గేమ్‌లలో ఆర్క్, మాన్‌స్టర్ హంటర్ 4, పోకెమాన్ గో ఉన్నాయి. క్రాఫ్టోపియా కూడా ఉంది, అది పాకెట్‌పెయిర్ అంతకుముందు చేసిన గేమే. తిరస్కరణ నోటీసు అంటే ఆఖరి తీర్పు కాదు, కంపెనీ క్లెయిములు మార్చుకుని జవాబివ్వొచ్చు. కానీ ఆ ఆఫీసులు కళ్లు మూసుకుని ముద్ర వేస్తాయన్న మాట మాత్రం నిలవదు.

“నామ్కో వల్ల ఇరవై ఏళ్లు లోడింగ్ గేమ్‌లు లేవు”

పేటెంట్ నిజం. నంబరు 5,718,632, అమెరికాలో 1998 ఫిబ్రవరిలో వచ్చింది, 2015 నవంబర్‌లో గడువు ముగిసింది. ప్లేస్టేషన్‌లో రిడ్జ్ రేసర్ లోడ్ అవుతుంటే గెలాక్సియన్ ఆడుకోగలగడం వెనక ఉన్న ఆలోచన అదే. ముందు ఒక చిన్న సహాయక గేమ్‌ను లోడ్ చేసి, అది ఆడుతుండగా అసలు గేమ్‌ను లోడ్ చేయడం.

కానీ ‘ఎవరూ పెట్టలేదు’ అన్నది తప్పు. ఫీఫా గేమ్‌లలో మ్యాచ్ లోడ్ అవుతుంటే గోల్ ప్రాక్టీసు చేసేవాళ్లం. 2009లో వచ్చిన బయొనెట్టాలో లోడింగ్ సమయంలో కాంబోలు సాధన చేసుకోవచ్చు. 2006 నాటి ఓకామీలో చిన్న బటన్ ఆట ఉంది. ఇంకో విషయం, 1987లోనే కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ క్యాసెట్లలో ఇన్వేడ్-ఎ-లోడ్ అనే లోడర్ ఉండేది. టేపు తిరుగుతుంటే స్పేస్ ఇన్వేడర్స్ లాంటి ఆట ఆడించేది. నామ్కో దరఖాస్తుకు ఏళ్ల ముందే ఇది జనం చేతుల్లో ఉంది. ఇలాంటి పేటెంట్‌ను ఎవరైనా గట్టిగా సవాలు చేసి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దాని భయానికి కొందరు వెనక్కి తగ్గి ఉంటారన్నది కాదనను.

“నెమెసిస్ సిస్టమ్‌కు తాళం”

వార్నర్ బ్రదర్స్‌కు 2021 ఫిబ్రవరిలో వచ్చిన 10,926,179 పేటెంట్ ఇది. శత్రువులు మనల్ని గుర్తుపెట్టుకుని, పదవులు పెరిగి, పగ తీర్చుకునే పద్ధతి. క్లెయిములు చాలా పొడుగు, అంటే హద్దు ఇరుకు. అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో మనల్ని వెంటాడే కిరాయి సైనికుల వ్యవస్థ ఉంది, వార్‌ఫ్రేమ్‌లో 2019 నుంచి కూవా లిచ్‌లనే పగబట్టే శత్రువులు ఉన్నారు. అంత లోతైన వ్యవస్థ మళ్లీ రాకపోవడానికి పేటెంట్ ఒక్కటే కారణమన్న వాదన నేను ఒప్పుకోను. దాన్ని కట్టాలంటే బోలెడంత యానిమేషన్, వందల డైలాగుల రికార్డింగ్, ఏళ్ల టెస్టింగ్ కావాలి. దాన్ని కట్టిన మోనోలిత్ స్టూడియోను 2025లో వార్నర్ బ్రదర్స్ మూసేసింది. పేటెంట్‌ను అట్టిపెట్టుకుని కట్టినవాళ్లను ఇంటికి పంపడం, ఈ వ్యవహారంలో నన్ను నిజంగా బాధపెట్టింది అదే.

“పేటెంట్లంటే పెద్దోళ్ల దోపిడీ”

రాల్ఫ్ బేర్ అనే ఇంజినీరు టీవీ తెర మీద చుక్కలను చేత్తో కదిలించి ఆడే యంత్రం తయారుచేశాడు. 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీగా అమ్మకానికి వచ్చిన తొలి ఇంటి వీడియో గేమ్ అదే. అంతకుముందు లేనిదాన్ని అతను నిజంగా కనిపెట్టాడు. నింటెండో ఇంజినీరు గున్పెయ్ యొకోయి కంట్రోలర్ కోసం చేసిన అడ్డం నిలువు బటన్, ఇప్పటికీ మన బొటనవేలి కింద ఉన్నది, దానికీ పేటెంట్ ఉండేది. ఆ కాలంలో సెగా, సోనీ వేరే ఆకారాలు కనిపెట్టుకుని ముందుకెళ్లాయి.

పెద్దవాళ్లే ఎప్పుడూ గెలుస్తారన్నదీ నిజం కాదు. కంట్రోలర్ వణుకు పేటెంట్ల మీద ఇమ్మర్షన్ అనే చిన్న కంపెనీ సోనీ మీద కేసు వేస్తే, 2004లో జ్యూరీ 8.2 కోట్ల డాలర్లు కట్టమంది. 2006లో ప్లేస్టేషన్ 3 వచ్చినప్పుడు కంట్రోలర్‌లో వణుకే లేదు. 2007లో రాజీ కుదిరాక డ్యూయల్‌షాక్ 3 అనే కంట్రోలర్‌తో తిరిగొచ్చింది.

అయితే ఒక విషయంలో పోస్టు రాసినవాళ్ల ఆవేదనతో నేను ఏకీభవిస్తాను. సొంతంగా కనిపెట్టినా తప్పించుకోలేరు. డూమ్ 3 గేమ్ కోసం నీడలు గీసే పద్ధతిని దాని ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ తనంతట తానే ఆలోచించుకున్నాడు. అప్పటికే క్రియేటివ్ కంపెనీ పేటెంట్ ఉండటంతో, గేమ్‌లో వాళ్ల సౌండ్ టెక్నాలజీ పెట్టేలా ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. తర్వాత 2011లో డూమ్ 3 సోర్స్ కోడ్ బయటపెట్టేటప్పుడు కార్మాక్ కొద్ది లైన్లు మార్చి ఆ పద్ధతిని తప్పించాడు. ఆ కొద్ది లైన్ల దూరంలోనే హద్దు ఉందన్నమాట. కానీ లాయర్ ఫీజు కట్టలేని చిన్న స్టూడియోకు ఆ దూరం కూడా కొండంత. దాన్ని తేలిగ్గా తీసేయను.

“మన దగ్గరా ఇదే గతి”

మన పేటెంట్ చట్టం 1970లోని సెక్షన్ 3 చదవండి. 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ లేదు. 3(ఎం) ఇంకా సూటిగా చెబుతుంది, ఆట ఆడే పద్ధతికి పేటెంట్ ఇవ్వరు. ప్రోగ్రామ్ వల్ల నిజమైన సాంకేతిక ఫలితం ఉంటే వేరే సంగతి, 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు అదే చెప్పింది. జపాన్ పేటెంట్ జపాన్‌లోనే, అమెరికా పేటెంట్ అమెరికాలోనే చెల్లుతుంది, మామూలుగా దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్లు. అలాగని ధీమాగా ఉండొద్దు. మీ గేమ్‌ను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో పెట్టి జపాన్‌లో అమ్మితే, ఆ అమ్మకానికి జపాన్ చట్టమే వర్తిస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని చేశామన్నది అక్కడ జవాబు కాదు.

భయపడేవాళ్లకు నేను చెప్పేది ఇది. వార్తలో పేటెంట్ నంబరు కనిపిస్తే గూగుల్ పేటెంట్స్‌లో కొట్టండి, డబ్బులు అక్కర్లేదు. సారాంశం వదిలేసి నేరుగా మొదటి క్లెయిముకు వెళ్లండి. దాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కా మీ గేమ్‌లో ఉందో లేదో పక్కన రాసుకోండి. ఏ దేశం, ఏ తేదీ, ఇంకా అమల్లో ఉందా అన్నది చూడండి. అన్నీ ఉన్నాయనిపిస్తే అప్పుడు లాయర్ దగ్గరికి వెళ్లండి. మన దేశంలో ప్రచురించిన దరఖాస్తు ఏదైనా పాత విషయమేనని మీకు తెలిస్తే, సెక్షన్ 25(1) కింద పేటెంట్ మంజూరు కాకముందే ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. పాత గేమ్‌లు ఎక్కువ ఆడినవాళ్ల దగ్గరే అలాంటి ఆధారాలు ఎక్కువ ఉంటాయి.