ఫ్యాక్టర్ నెగెటివ్ వస్తే నా వేళ్ళ వాపు అబద్ధమా?

నేను జెడ్పీ హైస్కూల్లో బయలాజికల్ సైన్స్ చెప్తాను. రెండేళ్ళ కిందట ధనుర్మాసంలో ఒక పొద్దున వాకిట్లో ముగ్గు వేద్దామని గిన్నెలో చెయ్యి పెడితే బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి రాలేదు. పిండి జారిపోతోంది. చలికి కాబోలు అనుకున్నాను. పది రోజులు తిరిగేసరికి రెండు చేతుల మెటికలూ వాచాయి, మణికట్లు పట్టేశాయి. వేలికున్న ఉంగరాన్ని మా ఆయన సబ్బు రాసి తీశారు. కుక్కర్ మూత ఆయనే తియ్యాలి, చీర కుచ్చిళ్ళు మా అమ్మాయి పెట్టాలి. చిత్రమేమిటంటే పది దాటేసరికి వేళ్ళు కాస్త దారిలోకి వచ్చేవి. అందుకే స్టాఫ్‌రూమ్‌లో అందరూ "నీకేం, బాగానే ఉన్నావుగా" అనేవాళ్ళు. పొద్దున ఆరింటి నా అవతారం వాళ్ళెవరూ చూడలేదు.

ఊళ్ళో పేరున్న డాక్టరు గారి దగ్గరికే వెళ్ళాను. పేరు రాయను, అడగొద్దు. నేను సగం చెప్పేలోపే "ఆర్థరైటిస్ ప్రొఫైల్" అని చీటీ రాసిచ్చారు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ఒంట్లో వాపుని పట్టిచ్చే రక్తపరీక్షలు రెండూ, ఈఎస్ఆర్ ఎక్కువ, సీఆర్పీ ఎక్కువ. రుమటాయిడ్ కీళ్ళవాతం కోసం చూసే ఆర్ఏ ఫ్యాక్టర్ మాత్రం నెగెటివ్. "రుమటాయిడ్ లేదమ్మా, టెన్షన్ పడకండి. నలభై దాటాయి కదా, కాల్షియం వాడండి, కాస్త బరువు తగ్గండి" అన్నారు. నా చెయ్యి ఒక్కసారి కూడా పట్టుకుని చూడలేదు. అప్పుడే కోపం రావాలి. రాలేదు. పైగా గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టాను. ఆ కొబ్బరికాయ నాకు ఎనిమిది నెలలు ఖరీదు చేసింది.

రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద పడే ఈ జబ్బున్న ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురికి ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్‌గానే ఉంటుంది. ఇదేం రహస్యం కాదు. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్ళ జబ్బుల వైద్యం) సంఘాలు కలిసి ఈ జబ్బుని గుర్తించడానికి ఒక మార్కుల పట్టిక తయారుచేశాయి. పరిశోధనల కోసం చేసింది, డాక్టరు బుర్రకి బదులు కాదు. అయినా టీచర్ని కదా, మార్కులు కనిపిస్తే కూడకుండా ఉండలేను. మొత్తం 10, పాస్ మార్కు 6. కనీసం ఒక్క కీలైనా నిజంగా వాచి ఉండాలి, ఆ వాపుకి వేరే కారణం కనబడకూడదు. అదీ హాల్ టికెట్. పదికి పైగా కీళ్ళు పట్టుబడి, వాటిలో చిన్న కీళ్ళు ఉంటే 5 మార్కులు. ఆరు వారాలు నిండితే 1. ఈఎస్ఆర్ గానీ సీఆర్పీ గానీ పెరిగితే 1. ఫ్యాక్టర్, ఈ జబ్బుకే చేసే యాంటీ సీసీపీ అనే ఇంకో రక్తపరీక్ష, రెండూ ఎంత ఎక్కువ వచ్చినా ఇచ్చేది 3 మార్కులే. ఇప్పుడు నా పేపరు దిద్దండి. ఆ 3కి సున్నా వేసినా, ఆరు వారాలు దాటేసరికి నాకు 7 వచ్చాయి. పాసైనదాన్ని ఫెయిలని ఇంటికి పంపారు.

ఇదే తప్పు తిరగేస్తే మా తోటికోడలు. ఏదో హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఆవిడకి ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చింది. ఒక్క కీలూ వాచలేదు, పొద్దున్నే పిండి రుబ్బుతుంది, బిందె ఎత్తుతుంది. హాల్ టికెట్టే లేదు. వయసు మీద పడ్డవాళ్ళకీ, టీబీ, హెపటైటిస్ సి లాంటివి ఉన్నవాళ్ళకీ కూడా ఆ ఫ్యాక్టర్ పాజిటివ్ రావచ్చు. ఏ జబ్బూ లేనివాళ్ళకీ రావచ్చు. పాపం ఏడాది నుంచి వంకాయ, బంగాళదుంప, పెరుగు మానేసి బతుకుతోంది.

ఆ ఎనిమిది నెలల్లో ఏం చేశానో చెప్తే నా స్టూడెంట్లు నవ్వుతారు. "2006లో మీ ఇంటిల్లిపాదికీ చికున్‌గున్యా వచ్చింది కదా, ఆ నొప్పులే" అన్నారొకరు. ఆ జ్వరం తర్వాత నెలల తరబడి కీళ్ళు వాచి అచ్చం ఇలాగే ఉండే మాట నిజమే. కానీ ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడు తిరిగొస్తుందా? నమ్మాను. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఆర్ఎంపీ గారి దగ్గర ఒక ఇంజెక్షన్. ఆ రాత్రికి వేళ్ళు పువ్వుల్లా విచ్చుకునేవి. వారం తిరక్కుండా మళ్ళీ మొదటికి. అది స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. ఆ తర్వాత తోటి టీచరమ్మ తెచ్చిచ్చిన మూలికల పొడి. అందులో ఏం కలిపారో నేను పరీక్ష చేయించలేదు గానీ, రెండు నెలలకి నా ముఖం పూరీలా ఉబ్బింది, ఎప్పుడూ లేని షుగర్ కనబడింది. స్టెరాయిడ్ ఒంట్లో ఎక్కువైతే కనబడే గుర్తులే ఇవి.

స్టెరాయిడ్‌ని తిట్టడం కాదు నా ఉద్దేశం. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మొదటిసారి ఇచ్చింది ఈ జబ్బుకే. కదల్లేని మనిషి కొద్దిరోజుల్లో లేచి నడిచింది. 1950లో నోబెల్ కూడా ఇచ్చారు. దాని అసలు రంగు బయటపడటానికీ ఎక్కువ కాలం పట్టలేదు. నాకు ఇప్పుడు చూస్తున్న డాక్టరమ్మ గారు కూడా మొదట్లో చిన్న మోతాదు ఇచ్చారు. తేడా ఏమిటంటే చీటీ మీదే ఏ వారం ఎంత తగ్గించాలో, ఏ తేదీన ఆపాలో రాశారు. ఆర్ఎంపీ గారి ఇంజెక్షన్‌కి అలాంటి తేదీ లేదు.

ఆ డాక్టరమ్మ గారు రుమటాలజిస్టు. సిటీలో ఉంటారు. మా చుట్టుపక్కల ఆ స్పెషలిస్టులు లేరు, బస్సులో నాలుగు గంటలు. ఆవిడ నా ఫైలు తెరవలేదు. "పొద్దున లేచాక పిడికిలి బిగించడానికి ఎంతసేపు పడుతుంది టీచర్ గారూ?" అని అడిగారు. రెండు గంటలన్నాను. అప్పుడు నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో మెటికా, ఒక్కో కణుపూ బొటనవేలితో నొక్కారు. తర్వాత అరచేతిని అడ్డంగా, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు, మెల్లిగా పిండారు. ప్రాణం పోయింది. కాళ్ళ వేళ్ళ మొదళ్ళ దగ్గరా అంతే. మొత్తం ఐదు నిమిషాలు. ఆ తర్వాతే యాంటీ సీసీపీ రాశారు. చాలా ఎక్కువ వచ్చింది. కానీ దానికి ముందే ఆవిడ చీటీ మీద జబ్బు పేరు రాసేశారు. ఎక్స్‌రేలో ఎడమ కాలి చిటికెనవేలి మొదట్లో ఎముక అంచు ఎలుక కొరికినట్టు ఉంది. అది ఇంక పూడదట. మందు పని చేస్తే మరోచోట పడకుండా ఉంటుంది.

మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారి, 15 మిల్లీగ్రాములు. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్. మందుల షాపు కుర్రాడు స్ట్రిప్ చేతిలో పెడుతూ "ఇది క్యాన్సర్‌ది కదండీ, ఎవరికి?" అన్నాడు, పదిమంది ముందు. ఇంటికొచ్చి బీరువాలో పెట్టేశాను. మూడు వారాలు ముట్టుకోలేదు. సైన్సు టీచర్ని నేను! కొన్ని క్యాన్సర్లకి దీన్ని వందలు, ఒక్కోసారి వేల మిల్లీగ్రాముల్లో ఇస్తారు. మాకిచ్చేది వారానికి మహా అయితే 25. ఇంకో మాట. ఏటా పిల్లలకి చెప్పే పాఠమే ఇది. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది, దానికి అడ్డుపడే మందుల్నీ తయారుచేసింది. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఆయన 1948లో పోయారు. కీళ్ళ జబ్బుకి దీన్ని అమెరికా అధికారికంగా ఒప్పుకుంది 1988లో. అంటే నా డబ్బాలో ఉన్న రెండు బిళ్ళల వెనకా ఆయనే. పాఠం చెప్పడం వేరు, మింగడం వేరు.

డాక్టర్లకి నాదొక విన్నపం. చీటీ మీద 'వారానికి ఒకసారి' అని ఇంగ్లీషులో గొలుసుకట్టుగా రాస్తే చాలదు. వారం పేరు తెలుగులో రాయండి. ఓపీ వరండాలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ పదకొండు రోజులు రోజూ వేసుకుందట. నోరంతా పుండ్లు, నీళ్ళు కూడా దిగడం లేదు, రక్తకణాలు పడిపోయి అడ్మిట్ చేస్తున్నారు. "అన్ని బిళ్ళల్లాగే అనుకున్నా తల్లీ" అంది. ఆవిడ తప్పేముంది? నాది మంగళవారం. క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి, మింగాక కొట్టేస్తాను. లివర్, రక్తకణాల పరీక్షలు చెప్పినప్పుడల్లా చేయిస్తాను. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు ఈ మందు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి, గర్భంతో ఉండగా వాడకూడదు. ఫలితం ఇంజెక్షన్‌లా రాత్రికి రాత్రి రాదు. నాకు పదో వారంలో కుక్కర్ మూత వచ్చింది.

కిందటి నెల మా అమ్మాయికి జ్వరమొస్తే మొదటి డాక్టరు గారి దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. కడుపులో ఉంచుకోలేక నా ఫైలు కూడా పట్టుకెళ్ళాను. యాంటీ సీసీపీ, ఎక్స్‌రే ముందు పెట్టి, పక్కన నా చెయ్యి కూడా బల్ల మీద పెట్టాను. ఆయన కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పి, పాత రిపోర్టు వెతికి పట్టుకుని, వేలు పెట్టి చూపించారు.

"అయినా ఫ్యాక్టర్ నెగెటివే కదమ్మా!"