మా సియెన్నాకు ఎండాకాలం చెప్పులు

ఇండియాలో ఉన్నన్నాళ్లూ టైర్ల గురించి నాకు తెలిసినవి రెండే. గాలి తగ్గితే కొట్టించాలి, పంక్చరైతే వేయించాలి. టైర్లకు కూడా కాలాలుంటాయని, స్వెట్టర్లు అటక మీంచి దించినట్టు నవంబరులో ఒక సెట్టు దించి, మళ్లీ ఉగాది వెళ్లాక అది విప్పి ఇంకో సెట్టు తొడగాలని కెనడా వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు.

మేముండేది బ్రాంప్టన్‌లో, టొరంటో పక్కనే. బండి టొయోటా సియెన్నా. ఇద్దరు పిల్లలుండి, ఏడాదికోసారి ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తామామలో విజిటర్ వీసా మీద దిగే ఇంట్లో మినీవ్యాన్ తప్పదు. పేరుకే మినీ. ఏడుగురు మనుషులు, రెండు పులిహోర డబ్బాలు, ఒక రైస్ కుక్కర్ ఎక్కి నయాగరా వెళ్లి వచ్చే బండి అది. వచ్చిన ప్రతి చుట్టాన్నీ నయాగరా తీసుకెళ్లీ తీసుకెళ్లీ దాని ఎండాకాలం టైర్లు అరిగిపోయాయి.

అరిగిపోయాయని కనిపెట్టింది నేను కాదు. పోయిన నవంబరులో చలికాలం టైర్లు బిగించిన కుర్రాడు, విప్పిన వాటిని పక్కన పెట్టి, "పాజీ, వీటి పని అయిపోయింది, ఏప్రిల్‌కల్లా కొత్తవి కొనుక్కోండి" అని చెప్పి బిల్లు మీద కూడా రాసిచ్చాడు. (పాజీ అంటే పంజాబీలో అన్నయ్య. బ్రాంప్టన్‌లో టైర్ల షాపు కుర్రాడికి మనమంతా పాజీలమే. పదేళ్ల నుంచి పాజీగానే ఉన్నాను, ఇప్పుడు కాదంటే బాగుండదు.) ఆ బిల్లు గ్లవ్ బాక్సులో పడేశాను. టైర్లు పాతవైనా అలాయ్ రిమ్ములు బంగారంలాంటివి కాబట్టి, రిమ్ములతో సహా గరాజ్ మూలన దొంతరగా పేర్చి, పైన పాత దుప్పటి కప్పాను. మర్నాటికల్లా మా ఆవిడ దాని మీద చెక్కపలక పరిచి నాలుగు సోనా మసూరి బస్తాలు, ఆవకాయ జాడీ పెట్టేసింది. ఆ దొంతర ఆర్నెల్లు స్టోర్‌రూమ్ అరుగులా పనిచేసింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీంతో పనుంది.

మార్చి రాగానే నేను పరిశోధన మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, ఎక్సెల్ షీటు తెరవనిదే చేతికి పని తోచదు. మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. ఇక్కడ మనం "సమ్మర్ టైర్లు" అని పిలుచుకునేవి చాలావరకు సమ్మర్ టైర్లు కావట. వాటి అసలు పేరు ఆల్ సీజన్. అంటే అన్ని కాలాలవీ. మరి అన్ని కాలాలవైతే చలికాలంలో ఎందుకు పనికిరావయ్యా అంటే, ఏడు డిగ్రీల కిందికి వెళ్తే వాటి రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోదు, అందుకే చలికాలానికి మెత్తటి రబ్బరుతో వేరే టైర్లు. సరే, మరి అసలు సిసలు సమ్మర్ టైర్లు లేవా? ఉన్నాయి, అవి ఎక్కువగా స్పోర్ట్స్ కార్ల వాళ్లు కొంటారు. ఇవి కాక ఆల్ వెదర్ అని ఇంకో జాతి. వాటి పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు బొమ్మ ఉంటుంది, అవి మాత్రం ఏడాది పొడుగునా నడుస్తాయట. ఆల్ సీజన్ వేరు, ఆల్ వెదర్ వేరు. మా ఆవిడకు ఇది వివరించబోతే, "అన్ని కాలాలదీ చలికి పనికిరాదు, అన్ని వాతావరణాలదీ పనికొస్తుంది. ఈ పేర్లు పెట్టినవాడు మీ ఆఫీసులోనే పనిచేస్తుండాలి" అంది.

ఆల్ వెదర్ కొనేస్తే ఏడాదికి రెండుసార్లు మార్చే గోల ఉండదు కదా అని నాకూ అనిపించింది. కానీ చలికాలం టైర్లు కొని రెండేళ్లే అయింది, పైగా అవి ఉన్నాయని ఇన్సూరెన్సు వాడు ఒంటారియోలో కాస్త తగ్గింపు కూడా ఇస్తాడు. కాబట్టి ఆల్ సీజనే కొనాలని తీర్మానించాం.

ఇక సైజు. ఒక శనివారం వాకిట్లో బండి ముందు గొంతుక్కూర్చుని టైరు పక్కనున్న అంకెలు ఫోన్‌లో ఫోటో తీశాను. 235/60 ఆర్ 17, పక్కన 102 టి. ఈ రాత కనిపెట్టిన మహానుభావుడి కాళ్లకు దండం పెట్టాలి. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్కగోడ ఎత్తు, అది మాత్రం మొదటిదాంట్లో ఎంత శాతమో చెబుతుంది. మూడోది రిమ్ము కొలత, అది అంగుళాల్లో. మా నాయనమ్మ పాలు గ్లాసుల్లో, బియ్యం మానికల్లో, పసుపు చిటికెల్లో కొలిచేది, ఆమే నయం, అన్నీ కలిపి ఒక అంకెగా రాయలేదు. 102 అంటే ఒక్కో టైరు 850 కిలోలు మోస్తుందని. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. వెనక సీట్లో మా అత్తగారు ఉంటే ఎనభై దాటనివ్వరు, అది వేరే సంగతి.

"ఏమండీ, గరాజ్‌లో ఉన్నవాటి మీద కూడా ఓసారి చూశారా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

బస్తాలు దించాలి, జాడీ దించాలి, దుప్పటి తీయాలి. "బండి ఒకటే కదే, సైజు ఎలా మారుతుంది?" అన్నాను. ఆ మాట అన్న తేదీ, సమయం ఇప్పటికీ ఆవిడ దగ్గర రికార్డయి ఉన్నాయి.

షీటులో పదకొండు టైర్లు ఎక్కించాను. ధర, వారంటీ కిలోమీటర్లు, తడి రోడ్డు మీద బ్రేకు, చప్పుడు, ఒక్కోదానికి ఒక్కో రంగు. సలహా కోసం తెనాలిలో ఉన్న మా నాన్నకు వీడియో కాల్ చేశాను. ముప్పై ఏళ్లు ఆర్టీసీ డిపోలో చేసిన మనిషి, టైరు వాసన చూసి వయసు చెప్పగలడు.

"ఎంతరా?" అన్నాడు.

"నాలుగూ కలిపి వెయ్యి డాలర్ల దాకా, నాన్నా."

"అంటే అరవై వేలు! రీబటన్ చేయించరాదూ?"

"ఇక్కడ కార్ల పాత టైర్లకు కొత్త రబ్బరు అతికించి రీబటన్ చేయరు నాన్నా."

"పోనీ ఎమ్మారెఫ్ దొరకవా? సచిన్ బ్యాటు మీద ఉండేది చూడు, అది."

అది కూడా ఇక్కడ షాపుల్లో నేనెక్కడా చూడలేదని చెప్పాను. కాసేపు మౌనం. ఆ దేశంలో మనుషులు ఎలా బతుకుతున్నారో అనే మౌనం. తర్వాత అన్నాడు: "సరే, ఏదైనా కొను. కొన్నాక నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మాత్రం మర్చిపోకు. తలుపు దగ్గర స్టిక్కరు ఉంటుంది, గాలి ఎంతో అందులో రాసుంటుంది, అది చూసి కొట్టించు."

డ్రైవరు తలుపు తీస్తే లోపలి స్తంభానికి అంటించిన ఆ స్టిక్కరు మీద గాలితో పాటు టైరు సైజు కూడా ఉంటుంది. నేను రోజుకు నాలుగుసార్లు ఆ తలుపు తీస్తాను. నాన్న చెప్పినప్పుడు కూడా "గాలిదేముంది, షాపు వాడే కొడతాడు" అనుకున్నాను.

ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను. షీటులో మూడో వరుస, ఆకుపచ్చ రంగు. అవి నేరుగా షాపుకే వస్తాయి. షాపులో ఏప్రిల్ అపాయింట్‌మెంటు దొరకడం తిరుపతిలో వేసవి సెలవుల దర్శనం దొరికినట్టే. మూడు వారాలు ఆగితే ఒక శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకు దొరికింది. ఈలోగా ఎండలు మొదలై, మెత్తటి చలికాలం టైర్లు వేడి రోడ్డు మీద గానుగలా మూలుగుతున్నాయి. బ్యాంకు బ్యాలెన్సు కూడా వాటితో పాటే అరిగిపోతోందని నా బాధ.

శనివారం రానే వచ్చింది. అటునుంచటే రిచ్‌మండ్ హిల్ గుడికి వెళ్లి పూజ కూడా చేయించేద్దామని మా ఆవిడ పిల్లలను తయారుచేసి, నాలుగు నిమ్మకాయలు, కుంకుమ భరిణె కవర్లో పెట్టుకుంది. నేను బస్తాలు దించి, మూడో వరుస సీట్లు నేలలోకి మడిచి, పాత టైర్లున్న రిమ్ములు నాలుగూ ఎక్కించాను. అప్పుడైనా చూడొచ్చు కదా అని మీరు అడుగుతారు, ఆవిడా అడిగింది. చూశాను. సాలెగూడు కనిపించింది, ఒక చోట ఆవకాయ నూనె మరక కనిపించింది. అంకెలు చూడాలని తోచలేదు.

షాపులో కాఫీ తాగుతూ కూర్చున్నాం. పక్కనున్నాయన మాంట్రియల్‌లో ఉండి వచ్చినవాడు, అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలం టైర్లు లేకపోతే జరిమానా అని చెబుతున్నాడు. నేను అతనికి ఆల్ సీజన్‌కూ ఆల్ వెదర్‌కూ తేడా వివరిస్తున్నాను. చేతులు కూడా తిప్పుతున్నాను, మూడు శిఖరాలు గాల్లో గీసి చూపిస్తూ. మంచి ఊపులో ఉండగా నవంబరు నాటి కుర్రాడే లోపలినుంచి వచ్చాడు. ఆపరేషన్ థియేటర్లోంచి డాక్టరు వచ్చి చుట్టాల్లో పెద్దవాళ్లెవరని వెతికినట్టు ఉంది మొహం.

"పాజీ, ఒకసారి లోపలికి వస్తారా?"

నా కొత్త టైరు, నా పాత రిమ్ము పక్కపక్కన పడున్నాయి. కుర్రాడు ఏమీ మాట్లాడకుండా టైరు ఎత్తి రిమ్ము మీద పెట్టాడు. కూర్చోలేదు. పెద్ద గిన్నె మీద చిన్న మూత పెట్టినట్టు అలాగే ఉండిపోయింది.

"టైర్లు పదిహేడు. మీ అలాయ్‌లు పద్దెనిమిది."

"కానీ బండికి ఉన్నవి పదిహేడే కదా! నేను ఫోటో కూడా తీశాను" అని ఫోన్ తీశాను.

కుర్రాడు ఫోటో చూశాడు, బయటున్న బండిని చూశాడు, నన్ను చూశాడు. "అవి చలికాలం టైర్లు పాజీ. స్టీలు రిమ్ముల మీద. ఖర్చు తగ్గుతుందని చలికాలానికి ఒక అంగుళం చిన్నవి వేసుకుంటారు. రెండేళ్ల కింద మీరే అడిగారు."

నిజమే. నేనే అడిగాను. సెట్టు మీద రెండొందల డాలర్లు మిగిల్చానని అప్పట్లో అందరికీ చెప్పుకున్నాను కూడా. పద్దెనిమిది అంగుళాల రిమ్ముకు పక్కగోడ 55 శాతం, పదిహేడుకు 60 శాతం, అప్పుడు చక్రం మొత్తం ఎత్తు దాదాపు సమానంగా ఉంటుంది, అందుకే రెండూ ఒకే బండికి సరిపోతాయి. ఈ లెక్క ఆ రోజు నాకు బాగా అర్థమైంది. అర్థమవడానికి అంత మంచి సమయం ఇంకోటి ఉండదు.

ఈలోగా మా ఆవిడ వచ్చింది, నిమ్మకాయల కవరుతో. రిమ్మునూ, దాని మీద ఎక్కనంటున్న టైరునూ చూసింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"రెండు-ఆరు చేతికి రెండు-నాలుగు గాజు తెచ్చారన్నమాట" అంది.

కుర్రాడికి తెలుగు రాదు, కానీ నవ్వాడు.

పాపం, సాయం చేద్దామనే చూశాడు. కావాలంటే స్టీలు రిమ్ముల మీంచి చలికాలం టైర్లు ఊడదీసి, వాటికే ఈ కొత్తవి ఎక్కిస్తానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ అలా చేస్తే ప్రతి నవంబరులో ప్రతి ఏప్రిల్‌లో రిమ్ము నుంచి టైరు ఊడదీసి ఎక్కించాలి, దానికి ఒక్కో టైరుకు మౌంటింగు, బ్యాలెన్సింగు, దాని మీద 13 శాతం హెచ్‌ఎస్‌టీ అనే అమ్మకం పన్ను. మా ఆవిడ ఈ లెక్కంతా ఎక్సెల్ లేకుండా, నిలబడ్డ చోటే వేసింది. "అలాయ్‌లేమో జాడీ కింద, నల్ల రిమ్ములేమో నయాగరాకా?" అని కూడా అడిగింది. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగిపోయింది.

ఇంటికి తిరుగు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. వెనక నాలుగు పాత చక్రాలు, వాటి మీద నాలుగు కొత్త టైర్లు, కొత్త రబ్బరు వాసన, ఏప్రిల్ ఎండ, అద్దాలన్నీ దించుకుని హైవే మీద. కింద గానుగ మోత. కారులో మొత్తం పన్నెండు టైర్లున్నాయని మా చిన్నాడు లెక్కపెట్టి, "నాన్నా, మనది లారీయా?" అన్నాడు. స్టెప్నీతో పదమూడు అని మా పెద్దది సరిదిద్దింది. ఇంటి ముందు ఆపి దిగుతూ ఉంటే అదే పిల్ల, తలుపు దగ్గర వంగి, "ఇక్కడ 235/55 ఆర్ 18 అని రాసుంది, ఇదేంటి?" అంది. దానికి పదకొండేళ్లు.

గ్లవ్ బాక్సులో నవంబరు బిల్లు తీశాను. అందులోనూ ఉంది. 18. కింద గీత కూడా గీశాడు కుర్రాడు.

బిగించలేదు కాబట్టి టైర్లు వెనక్కి తీసుకుంటారట. పంపే ఖర్చు మాత్రం నాది. ఒక్కో టైరుకు ఒక్కో లేబుల్ అంటించాలి. రబ్బరుకు టేపు అంటుకోదని మీకు తెలుసా? నాకు ఇప్పుడు తెలుసు. పద్దెనిమిదివి ఆర్డరు పెట్టాం, ఈసారి ఫోన్ మా పెద్దదాని చేతిలో ఉంది, స్టిక్కరు చూసి అదే కొట్టింది. అపాయింట్‌మెంటు మళ్లీ మూడు వారాలకు. నాన్నకు ఫోన్ చేసి "కొన్నాం నాన్నా" అని మాత్రం చెప్పాను, "నిమ్మకాయలు తొక్కించావా?" అంటే సిగ్నల్ సరిగా లేదన్నాను.

ఆ రాత్రి భోజనానికి కూర్చుంటే కంచంలో నిమ్మకాయ పులిహోర. నాలుగు కాయలదీ. మా ఆవిడ ఇంకో గరిటె వడ్డిస్తూ, "ఉప్పు సరిపోయిందేమో చూడండి" అంది. నేను నోరు తెరిచేలోపే పెద్దదాని వైపు తిరిగి, "నువ్వు చూడమ్మా" అంది.