ఆకుతో మొదలెట్టండి, నేర్పినావిడకి ఫీజు ఇవ్వండి

క్రోషే, అంటే వంకీ సూదితో దారం అల్లే లేసు పని, నేర్చుకోవాలనుకునే మన గోదావరి జిల్లాల అమ్మాయిలకి, అబ్బాయిలకి కూడా, చెప్పేది ఇదే. దారంతో అల్లే ఆకుతో మొదలెట్టండి. మీ వీధిలో లేసు అల్లే ఆవిడ దగ్గరే నేర్చుకోండి. ఆవిడకి డబ్బులివ్వండి.

చివరి మాట వినగానే కొందరి మొహాలు మారిపోతున్నాయి. అందుకే ఇంత పొడుగు పోస్టు.

మాది నర్సాపురం పక్క పల్లె. ఎక్కడో ఉన్న టీచరు ఆన్‌లైన్ క్లాసుకి అడిగినంతా ముందే కట్టేసి, సూదుల సెట్టూ రంగురంగుల దారాలూ కొరియర్లో తెప్పించుకుని, సగంలో అర్థంకాక ఆపేసినవాళ్లు మా వీధికి వస్తుంటారు. లేసు అల్లే పిన్నిగారి అరుగు మీద కూర్చుని "ఖాళీగానే ఉన్నారు కదండీ, ఓసారి చూపించండి" అంటారు. ఆవిడ ఖాళీగా లేరండి! ఆవిడ ఒళ్లో ఉన్నది, దారమిచ్చి కూలికి అల్లించుకునే ఏజెంటుకి అప్పజెప్పాల్సిన పని. మీకు చూపించిన గంట ఆవిడ కూలిలోంచి పోయిన గంట. రాత్రి అన్నాలయ్యాక లైటు కింద కూర్చుని, సన్న దారం మీద కళ్లు చిట్లించుకుని ఆ గంట పూడ్చుకుంటారు. మీరేమో "థాంక్సండి పిన్నిగారూ" అని బండెక్కి వెళ్లిపోతారు. క్లాసు పెట్టిన టీచరుకి కట్టడానికి నొప్పి లేదు, ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకుని నేర్పిన మనిషికి ఇవ్వాలంటే మాత్రం "మనలో మనకి డబ్బులేంటండీ" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు ఈ అల్లిక ఇక్కడి ఆడవాళ్లకి నేర్పారు. అప్పట్నుంచి నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు, ఏరు దాటితే సఖినేటిపల్లి, రాజోలు, ఈ ఊళ్లలో అరుగుల మీద అల్లిన సరుకు సముద్రాలు దాటి పోతూనే ఉంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మన నర్సాపురం వచ్చి, ఈ ఆడవాళ్ల పనిని దగ్గరుండి చూసి 1982లో పుస్తకం వేశారు. ఆవిడ తేల్చిన సంగతి మా వీధిలో ఇప్పటికీ కళ్లెదురుగా కనిపిస్తుంది. వీళ్లు ఇంట్లో కూర్చుని అల్లుతారు కాబట్టి ఎవరూ వీళ్లని పనివాళ్లుగా లెక్కేయరు, ఇల్లాళ్లు తీరిక వేళ చేసుకునే పని అనుకుంటారు, కూలి తక్కువ ఇవ్వడానికి ఆ మాటే సాకవుతుంది. "ఖాళీగానే ఉన్నారు కదండీ" అన్న ప్రతిసారీ మీరూ ఆ సాకే వాడుతున్నారు. 2024లో నర్సాపురం క్రోషే లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనన్న గుర్తింపు, వచ్చింది. చాలా సంతోషించాను, నలుగురికీ చెప్పుకున్నాను. అయితే ఆ గుర్తింపు సరుకుది. నేర్పడానికి పోయిన పూటకి విలువ కట్టాల్సింది నేర్చుకునేవాళ్లే.

ఇక ఆకు సంగతి. చాలామంది మొదటి రోజే గుండ్రటి టేబుల్ మ్యాట్ మొదలెడతారు. గుండ్రంలో ప్రతి వరసకీ లెక్క ప్రకారం కుట్లు పెంచుకుంటూ పోవాలి. తక్కువైతే గిన్నెలా ముడుచుకుపోతుంది, ఎక్కువైతే అంచంతా కుచ్చులు తిరుగుతుంది. కొత్త చేతికి ఏది తప్పిందో తెలియదు, నాలుగు వరసలు విప్పేసి సూది అవతల పడేస్తుంది. ఆకులో ఆ బాధ లేదు. ఒక గొలుసు, దాని చుట్టూ ఒకే ఒక్క చుట్టు, అంతే. ఆ ఒక్క చుట్టులోనే క్రోషేకి ప్రాణమైన కుట్లన్నీ, పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా, చేతిలోంచి వెళ్తాయి. తప్పు పోతే వెంటనే కంటికి కనిపిస్తుంది, ఎందుకంటే ఆకుకి రెండు పక్కలూ సమానంగా రావాలి.

ఇలా అల్లండి. సన్న లేసు దారం ఇప్పుడే వద్దు, కాస్త మందం కాటన్ దారం, మూడున్నర లేదా నాలుగు మిల్లీమీటర్ల సూది తీసుకోండి. 12 గొలుసులు వేయండి, అంటే ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ 12 ఉచ్చులు, వదులుగా. సూది పక్కనున్న గొలుసు వదిలేసి రెండో దాంట్లో మొదలెట్టి, ఒక్కో గొలుసులో ఒక్కో కుట్టు చొప్పున: ఒక సింగిల్, ఒక హాఫ్ డబుల్, రెండు డబుల్, మూడు ట్రెబుల్, మళ్లీ రెండు డబుల్, ఒక హాఫ్ డబుల్, చివరి గొలుసులో ఒక సింగిల్. సింగిల్‌కి ముందు సూదికి దారం చుట్టక్కర్లేదు. హాఫ్ డబుల్‌కీ డబుల్‌కీ ఒకసారి చుట్టాలి. హాఫ్ డబుల్‌లో సూది మీదున్న మూడు ఉచ్చుల్లోంచీ ఒకేసారి లాగేస్తారు, డబుల్‌లో రెండేసి చొప్పున లాగుతారు. ట్రెబుల్‌కి రెండుసార్లు చుట్టాలి. నేను చెప్పేది అమెరికా లెక్క. బ్రిటన్ పద్ధతిలో ఇదే సింగిల్‌ని డబుల్ అంటారు, కాబట్టి వీడియో పెట్టుకునేవాళ్లు అది ఎవరి లెక్కో చూసుకుని మొదలెట్టండి.

ఇప్పుడు మొన దగ్గరున్నారు. రెండు గొలుసులు వేసి, ఆ చివరి గొలుసులోనే ఇంకో సింగిల్ వేయండి. అదే ఆకు కొస. అక్కణ్నుంచి గొలుసు రెండో అంచు వెంట, వచ్చిన దారినే వెనక్కి: హాఫ్ డబుల్ ఒకటి, డబుల్ రెండు, ట్రెబుల్ మూడు, డబుల్ రెండు, హాఫ్ డబుల్ ఒకటి, సింగిల్ ఒకటి. మొదలెట్టిన చోట స్లిప్ కుట్టుతో, అంటే సూది గుచ్చి దారాన్ని సూది మీదున్న ఉచ్చులోంచి కూడా ఒకేసారి లాగేసి, కలిపేయండి. కాడ కావాలంటే ఆరు గొలుసులు వేసి, వాటి మీదుగా స్లిప్ కుట్లతో వెనక్కి రండి. ముదురు రంగు దారంతో నడిమధ్య పైపైన స్లిప్ కుట్లు వేస్తే ఈనె. దారం కొసలు మాత్రం కత్తిరించి వదిలేయకండి, పెద్ద కన్నమున్న సూదితో కుట్ల లోపలికి అటూ ఇటూ దూర్చండి, లేకపోతే మొదటి ఉతుకుకే ఊడొస్తుంది.

ఇది చేతికొచ్చాక మామిడాకు చేయండి, మన గుమ్మాలకి కావాల్సింది అదే. 20 గొలుసులు వేసుకుని, ఇందాకటిలాగే సూది పక్కది వదిలేసి, రెండు సింగిల్, రెండు హాఫ్ డబుల్, మధ్యలో పదకొండు డబుల్, మళ్లీ రెండు హాఫ్ డబుల్, రెండు సింగిల్. కొస తిరగడం, రెండో పక్కన వెనక్కి రావడం అంతా మామూలే. ట్రెబుల్ లేదు కాబట్టి ఆకు సన్నగా పొడుగ్గా వస్తుంది. వరసగా తాడుకి కడితే తోరణం. అసలు మామిడాకులకి బదులుగా చేయమనట్లేదు, పండక్కి పచ్చి తోరణం పచ్చి తోరణమే. ప్లాస్టిక్ తోరణాలు కొని ఏడాది పొడుగునా దుమ్ముపట్టి వేలాడదీసుకుంటున్నారు చూడండి, వాటి చోట ఇది పెట్టుకోండి. మాసినప్పుడు ఉతికి, పల్చటి గంజి పెట్టి, చదునుగా గుండుసూదులు గుచ్చి ఆరబెడితే మళ్లీ కొత్త ఆకే. గంజికి మన డెల్టాలో కరువా!

మరి ఇంత వివరంగా రాశాక ఇక పిన్నిగారెందుకు అంటారేమో. మొదట్లో అందరికీ వచ్చే చిక్కు ఒకటుంది: ఆకు నిటారుగా ఉండక పడవలా వంగిపోతుంది. గొలుసు బిగించి వేయడమే కారణం, కుట్లలో ఏ తప్పూ లేదు. గొలుసు వరకూ ఒక సైజు పెద్ద సూది వాడితే సరిపోతుంది. కానీ బిగిస్తున్నానన్న సంగతి బిగించేవాళ్లకి తెలియదు. దారం ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి ఎలా పారుతోందో ఎదురుగా కూర్చున్న మనిషి చూడాలి. పిన్నిగారు నోటితో ఏమీ చెప్పరు, మీ చిటికెన వేలికి దారం ఇంకో చుట్టు తిప్పుతారు, చూపుడువేలు కాస్త పైకి లేపుతారు. అంతే, అప్పటిదాకా మొరాయించిన సూది కదులుతుంది. ఏళ్ల తరబడి రోజూ అల్లితే వచ్చిన చూపు అది. ఏ వీడియో మీ చేతిని చూడలేదు. ఫీజు ఆ చూపుకి.

ఇంకొకటి కూడా తెలుసుకోండి. క్రోషే మిషన్ మీద రాదు. మిషన్ లేసు అని బజార్లో అమ్మేది వేరే రకం అల్లిక. ఎంత చవగ్గా దొరికినా, దుకాణంలో మీరు చూసిన ప్రతి క్రోషే ఆకునీ ఎక్కడో ఒక మనిషి చేత్తో అల్లారు. ఒక్క ఆకు మీ చేత్తో పూర్తిచేసి చూడండి, దానికి ఎంతసేపు పట్టిందో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత ఎగ్జిబిషన్లో "దీనికంతా?" అని బేరమాడాలంటే నోరు రాదు.

ఎంతివ్వాలని అడుగుతున్నారు కొందరు. ఆవిణ్నే అడగండి. మొహమాటపడి "మీ ఇష్టం" అంటారు, అంటారని నాకు తెలుసు. అప్పుడు మీ ఇంటి పిల్లల ట్యూషన్‌కి గంటకెంత పడుతోందో లెక్కేసి అంత ఇవ్వండి. కవర్లో పెట్టి ముందే ఇవ్వండి, చివర్న చేతిలో కుక్కడం వద్దు. మీ దారం, మీ సూది మీరే పట్టుకెళ్లండి, ఏజెంటు తూకమేసి ఇచ్చిన దారంలోంచి ఒక్క మూర కూడా అడగకండి, తక్కువొస్తే ఆవిడే లెక్క చెప్పుకోవాలి. వెళ్లేది మధ్యాహ్నం భోజనాలయ్యాక, వెలుతురు బాగున్నప్పుడు వెళ్లండి.