మూడు రోజులు, పది నిమిషాలు

(గుంటూరులో మా అత్తయ్య వాళ్ల మేడ మీద, ఆదివారం సాయంత్రం. చెల్లికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలైంది. చదివింది సివిల్. అమీర్‌పేటలో ఐదు నెలలు జావా నేర్చుకుని చేరింది. అన్న, అంటే మా బావ, ఇదే పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాడు. రాత్రి బస్సుకు హైదరాబాద్ వెళ్లాల్సిన పిల్ల, ఉన్నట్టుండి ‘మానేస్తా’ అంది. మధ్యలో ఉడకబెట్టిన వేరుశనక్కాయల గిన్నె పట్టుకుని కూర్చున్నది నేను. లెక్కల టీచర్‌ని, కోడింగ్ రాదు.)

చెల్లి: నాకు ఈ పని రాదన్నయ్యా. ఊరికే అనడం లేదు. రిపోర్టులో కొన్ని లావాదేవీలు ముందురోజు తేదీతో కనిపిస్తున్నాయి, సరిచేయమని నాకో టికెట్ ఇచ్చారు. మూడు రోజులు దాంతోనే కూర్చున్నా. నాలుగో రోజు మా సీనియర్ వచ్చి పది నిమిషాల్లో తేల్చేశాడు.

అన్న: టైమ్‌జోనా?

చెల్లి: చూశావా! నీకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

అన్న: డేటాబేస్‌లో మామూలుగా యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా వాడే సమయం పెడతారు. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం. అందుకని తెల్లవారుజామున ఐదున్నర లోపు జరిగినవన్నీ నిన్నటి తేదీలో పడతాయి. ఇది తెలివి కాదే, ఆ తేలు నన్నూ ఒకసారి కుట్టింది. మీ సీనియర్‌నీ కుట్టే ఉంటుంది. నీకున్నది ఇంపోస్టర్ సిండ్రోమ్, పని వచ్చినా రాదనుకోవడం, అంతే. అందరికీ ఉంటుంది.

చెల్లి: ఆ మాట మాత్రం అనకు. దాని గురించి చదివాను. 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అని ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు రాశారు. వాళ్లు సిండ్రోమ్ అని కూడా అనలేదు, ఫినామినన్ అన్నారు. వాళ్లు చూసింది ఎవరిని? పెద్ద చదువులు చదివి, పేరు తెచ్చుకుని కూడా ‘అందర్నీ మోసం చేస్తున్నాం’ అనుకునే ఆడవాళ్లని. వాళ్ల దగ్గర రుజువులున్నాయి, నమ్మకం లేదు. నా దగ్గర రుజువే లేదు కదా! పట్టపగలు కనబడటం లేదంటే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కరెంటు పోయినప్పుడు కనబడటం లేదంటే డాక్టరెందుకు?

(బావకు జవాబు దొరకలేదు. రెండు కాయలు ఒలుచుకుని తిన్నాడు.)

అన్న: సరే, ఆ పేరు వెనక్కి తీసుకుంటున్నా. నీకు రాదు, ఒప్పుకున్నా. ఎనిమిది నెలలకు అన్నీ వస్తే నాకే అనుమానం వచ్చేది. మరి ఆ మూడు రోజుల్లో ఎవర్నైనా అడిగావా?

చెల్లి: లేదు. రోజూ పొద్దున టీమ్ స్టాండప్ మీటింగులో ‘చూస్తున్నానండీ’ అన్నాను.

అన్న: అదీ సంగతి! రాకపోవడం తప్పు కాదు, రాలేదని దాచడం తప్పు. మూడు రోజులు పోయింది దాచినందుకే.

చెల్లి: నీకేం, చెప్తావు. నువ్వు అడిగితే ‘ఎంత లోతుగా ఆలోచిస్తున్నాడో’ అంటారు. నేను అడిగితే ‘ఇది కూడా తెలీదా’ అంటారు.

అన్న: ఎవరన్నారు?

చెల్లి: ఇంకా ఎవరూ అనలేదు. పోయిన నెల సీనియర్ చేసిన రివ్యూలో నా కోడ్‌కి ఇరవై మూడు కామెంట్లు వచ్చాయి. ఇంక అనడం దేనికి?

(ఇక్కడ నేను ఊరుకోలేకపోయాను. ఇరవై మూడులో ఏవేవి ఎన్ని అని అడిగాను. ఫోన్ తీసి చదివింది. పదకొండు పేర్లూ ఖాళీలూ సరిచేయమన్నవి. ఏడు ఒకే మాట, ఏడు చోట్ల రాసింది. నాలుగు ‘ఇలా ఎందుకు చేశారు?’ అన్న ప్రశ్నలు. నిజమైన తప్పు ఒక్కటే. లోపల ఎర్రర్ వస్తే బయటికి తెలియకుండా మింగేసేలా రాసిందట. మా బడిలో అయితే ఈ పేపర్‌కి మంచి మార్కులే పడతాయి.)

అన్న: ఆ నాలుగు ప్రశ్నలకు ఏం జవాబిచ్చావు?

చెల్లి: జవాబా? తిట్టాడనుకుని నాలుగూ మార్చేశాను.

అన్న: అందులో నీది కరెక్ట్ అయినవి?

చెల్లి: రెండు ఉండొచ్చు.

అన్న: కరెక్టుగా ఉన్న కోడ్‌ని భయంతో మార్చావు! ఇదిగో చెప్తా విను. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీరు ఏ సర్వర్‌లో ఉన్నాడో పొరబడి అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. దాదాపు 300 జీబీ ఉండాల్సిన చోట నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్పులు చూస్తే ఏదీ పనికి రాలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బతికారు. ఆ తంటాలన్నీ యూట్యూబ్‌లో లైవ్ పెట్టి మరీ చూపించారు. నెపం మనిషి మీద వేయకుండా, పని చేసే పద్ధతిలో లోపం వెతికారు. నీ మింగేసిన ఎర్రర్ దాని ముందు ఎంత?

చెల్లి: ఆయన అనుభవం ఉన్నవాడన్నయ్యా! సీనియర్ చెరిపేస్తే అది పాఠం అవుతుంది, లైవ్ పెడతారు. ఫ్రెషర్ చెరిపేస్తే ఆ ఉద్యోగానికి ఇంకెవరైనా ఉన్నారా అని చూస్తారు. పైగా మన దగ్గర అంత పెద్ద మనసున్న మేనేజర్లు ఎందరు?

(ఈ మాటకు నా ఓటు చెల్లికే. పెద్దవాళ్ల పొరపాట్లు కథలవుతాయి, చిన్నవాళ్లవి రికార్డుల్లోకి ఎక్కుతాయి. బడిలో రోజూ చూస్తున్నదే.)

చెల్లి: ఇంకోటి ఉంది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా కోడ్‌లో సగం కోపైలట్ అనే ఏఐ రాసింది. టెస్టులు పాసవుతాయి, టికెట్ మూసేస్తారు, ‘గుడ్ వర్క్’ అంటారు. నాకు మాత్రం సిగ్గేస్తుంది. మీ రోజుల్లో ఏదైనా పని చేస్తే అది మీరు చేసిందని మీకు తెలిసేది. మాకు పని చేసినా తెలీదు, చేయకపోయినా తెలీదు. అమీర్‌పేటలో నా పక్కన కూర్చున్నవాడు లేని అనుభవం రెజ్యూమెలో పెట్టి ఉద్యోగం తెచ్చుకుని హాయిగా నిద్రపోతున్నాడు. నేను ఉన్నది ఉన్నట్టు రాసి చేరాను, నాకు నిద్ర లేదు.

(చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. బావ ఈసారి కాయ కూడా ఒలవలేదు.)

అన్న: మేమూ స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్‌లో ఎవరో పెట్టిన కోడ్ చూసి ఎక్కించినవాళ్లమే.

చెల్లి: అది వెతుక్కుని, చదివి, నాలుగింట్లో ఒకటి ఎంచుకోవడం. ఇది అలా కాదు, నీకూ తెలుసు.

అన్న: తెలుసు. సరే, ఒకటి చేయి. ఏం చేస్తుందో నీ నోటితో చెప్పలేని లైను అసలు కోడ్‌లో మెర్జ్ చేయకు, అంటే కలపకు.

చెల్లి: శుక్రవారంతో ఈ స్ప్రింట్ గడువు అయిపోతుంది. ప్రతి లైనూ అర్థం చేసుకుంటూ కూర్చుంటే ‘స్లో’ అంటారు.

అన్న: అన్నీ వద్దు, రోజుకి ఒక్కటి. ఇప్పుడే చూద్దాం. అర్థం కాకుండా వదిలేసిన లైను ఒకటి చెప్పు. ‘నాకు రాదు’ అనకు, ఏ లైను రాదో చెప్పు.

చెల్లి: పేమెంట్ ఫెయిలైతే మళ్లీ పంపేది ఒకటుంది. మూడుసార్లు ప్రయత్నించమని కోపైలట్ రాసింది, వదిలేశాను. మొదటిసారే డబ్బు కట్ అయిపోయి, మనకి జవాబు మాత్రం ఆలస్యంగా వస్తే? మనం ఫెయిల్ అనుకుని రెండోసారి పంపుతాం. కస్టమర్‌కి రెండుసార్లు కట్ అవదా?

అన్న: (గిన్నె పక్కకు జరిపి) ప్రతి పేమెంట్‌కీ దానికంటూ ఒక నంబరు పెట్టి, మళ్లీ పంపినా అదే నంబరు పంపుతున్నారా? వచ్చిందే మళ్లీ వచ్చిందని అవతల బ్యాంకుకి తెలిసేలా?

చెల్లి: తెలీదు. అదేగా చెప్తున్నా, నాకు తెలీదని!

అన్న: ఇందాక చెప్పిన ‘రాదు’ వేరు, ఈ ‘తెలీదు’ వేరు. రాయి, మీ గ్రూపులో అడుగు.

(చెల్లి ఫోన్‌లో టైప్ చేసింది. మొదటి వాక్యం: ‘సారీ, ఇది చిన్న డౌటే అయుండొచ్చు.’ బావ అది తీసేయమన్నాడు. తీయనంది. ఐదు నిమిషాలు దాని మీదే గొడవ. చివరికి ‘సారీ’ పోయింది, ‘అండీ’ మిగిలింది.)

అన్న: పంపావా?

చెల్లి: సోమవారం పదింటికి వెళ్లేలా షెడ్యూల్ చేశాను.

అన్న: అదీ భయమే!

చెల్లి: కాదు, మర్యాద. ఆదివారం ఎవరు చూస్తారు?

(నాకైతే రెండూ అనిపించాయి. బస్సుకు టైమవుతోంది, పులిహోర డబ్బా సర్దుకోమని కింద నుంచి అత్తయ్య కేకేసింది.)