ఎండుటాకును దాచుకుందాం

ఆకురాలు కాలం రాగానే నగరాల్లో ఏటా ఒకే తంతు. చెట్ల కింద రాలిన ఆకులను ఊడ్చి, ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి డంపింగ్ యార్డుకు తోలతారు. లారీ రాకపోతే రోడ్డు పక్కనే తగలబెడతారు. అదే వీధిలో వంటిళ్ల నుంచి రోజూ వచ్చే తొక్కలు, కాడలు, మిగిలిన తిండి ఇంకో బండెక్కి అదే యార్డుకు చేరతాయి. నిజానికి ఈ రెండూ ఒకదానికి ఒకటి కావలసినవి. వాటిని వీధి చివరే కలపగలిగితే అంత దూరం మోయాల్సిన పనే ఉండదు.

ప్రపంచ బ్యాంకు 2018లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా మున్సిపల్ చెత్తలో 44 శాతం ఆహార, మొక్కల వ్యర్థాలే. అంటే మనం చెత్త అని పారేస్తున్నదాంట్లో దాదాపు సగం ఎరువు కావలసిన సరుకు. యార్డులో గుట్టల అడుగున గాలి ఆడని చోట అది కుళ్లితే మీథేన్ పుడుతుంది. 20 ఏళ్ల కాలానికి లెక్కేస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు బలమైనది. గుట్టల నుంచి కారే నల్లటి నీరు భూగర్భ జలాల్లోకి దిగితే ఆ నష్టం అదనం.

ఆకులు వాటంతట అవి హాని చేయవు, చెట్టు కింద పలచగా పరుచుకుంటే నేలకు మేలే. రోడ్డు మీద పడినప్పుడే చిక్కు. వానొస్తే కొట్టుకుపోయి డ్రెయిన్లకు అడ్డం పడతాయి, నానిన ఆకుల్లోని భాస్వరం చెరువుల్లోకి చేరి నాచు పెరుగుతుంది. అమెరికాలోని మాడిసన్ నగరంలో జరిపిన అధ్యయనంలో, వానలకు ముందే వీధుల్లో ఆకులు తీసేస్తే ఆ కాలంలో వాననీటితో పోయే భాస్వరం 80 శాతానికి పైగా తగ్గుతుందని తేలింది. ఇక తగలబెడితే ఆ పొగలోని సన్నటి నుసి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆస్తమా ఉన్న పిల్లలకూ పెద్దవాళ్లకూ ఆ సాయంత్రాలు నరకం.

ఎరువు తయారీలో పెద్ద రహస్యమేమీ లేదు. తడి చెత్తలో నైట్రోజన్ ఎక్కువ, ఎండుటాకులో కార్బన్ ఎక్కువ. సూక్ష్మజీవులకు ఒక వంతు నైట్రోజన్‌కు 25 నుంచి 30 వంతుల కార్బన్ దొరికితే చక్కగా పని చేస్తాయి. వాడుకలో చెప్పాలంటే ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు. అలా కలిపిన కుప్ప తగినంత పెద్దదైతే కొద్ది రోజుల్లోనే లోపల వేడెక్కుతుంది. చల్లటి ఉదయం పారతో మధ్యలో తవ్వితే ఆవిరి పైకి లేస్తుంది. అక్కడ 55 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలిచి, కుప్ప తిరగేస్తూ అంతా ఆ వేడికి వచ్చేలా చూస్తే రోగకారక క్రిములు చస్తాయి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు, అప్పుడు ఇంకాస్త ఆకు వేయాలి. కంపు కొడుతున్నా మందు అదే. వానకు తడిసిన మట్టి వాసన వస్తుంటే పని సవ్యంగా సాగుతున్నట్టు.

అయితే తడి చెత్త ఏడాది పొడుగునా, ప్రతి పూటా వస్తుంది. ఆకులు రాలేది కొద్ది వారాలే. సామూహిక కంపోస్టు తొట్టెలు ఉత్సాహంగా మొదలై మూతపడటానికి మాకు కనిపించే ముఖ్య కారణం ఇక్కడే ఉంది. ఆకులు అయిపోతాయి, తొట్టెలో ఒట్టి తొక్కలు మిగులుతాయి. వాసన వస్తుంది, ఈగలు ముసురుతాయి, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తారు, అంతటితో సరి. కంపోస్టింగ్ మన ఊళ్లో కుదరదని అందరూ తీర్మానించేస్తారు. కుదరనిది కంపోస్టింగ్ కాదు, ఆకును దాచుకోకపోవడం.

లెక్క చూద్దాం. ఒక ఇంటి నుంచి వారానికి 10 లీటర్ల తడి చెత్త వస్తుందనుకుంటే దానికి 20 నుంచి 30 లీటర్ల ఆకు కావాలి. ఏడాదికి వెయ్యి నుంచి పదిహేను వందల లీటర్లు. వంద ఇళ్లకు అంత సరుకు దాచాలంటే జాగా కావాలి, వాన తగలకుండా కప్పు కావాలి, ఆకును తురిమే యంత్రం కావాలి. తురిమిన ఆకు తక్కువ చోటులో ఇముడుతుంది, త్వరగా కుళ్లుతుంది. తురమని ఆకులు ఒకదానికొకటి అతుక్కుని చాపలా తయారై గాలిని ఆపేస్తాయి. ఇదంతా ఏ ఒక్క ఇంటివాళ్లో చేయగలిగింది కాదు, కార్పొరేషన్ పూనుకోవాల్సిందే.

చట్టాలు చేసిన ఊళ్లు, దేశాలు ఉన్నాయి. దక్షిణ కొరియా 2005లోనే ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చిపెట్టడం నిషేధించింది. శాన్‌ఫ్రాన్సిస్కో 2009లో కంపోస్టు చెత్తను వేరుచేయడం తప్పనిసరి చేసింది. పెద్ద ప్లాంట్లు నిస్సందేహంగా అవసరమే. మాంసం, ఎముకలు, నూనె వంటకాలు వాటికే వెళ్లాలి, చిన్న తొట్టెల్లో వేస్తే ఎలుకలు చేరతాయి. కానీ వీధి తొట్టె చేసే మేలు ప్లాంటు చేయలేదు. తన చేత్తో కుప్ప తిరగేసినప్పుడు పండు మీది స్టిక్కరు, ప్లాస్టిక్ కవరు ముక్క అలాగే మిగిలిపోయి కనిపించిన మనిషి మర్నాడు ఇంట్లో చెత్త వేరుచేసే తీరే మారుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పనిని వాలంటీర్ల మంచితనం మీద వదిలేయడం అన్యాయం. తడిసిన కుప్పను తిరగేయడం ఒళ్లు నొప్పులు పుట్టించే పని. దానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టాలి, గ్లవ్స్, బూట్లు ఇవ్వాలి. ఇప్పటికే వీధులు ఊడుస్తున్న పారిశుద్ధ్య కార్మికుల నెత్తిన అదనంగా రుద్దితే మేం ఒప్పుకోం.

వార్డుకు ఒక ఆకుల షెడ్డు, ఒక తురిమే యంత్రం, కంపోస్టు తొట్టెలు చూసుకోవడానికి ఒక ఉద్యోగి. కార్పొరేషన్‌ను మేం అడుగుతున్నది ఇంతే. తయారైన ఎరువును ముందు ఆ వీధి చెట్ల పాదులకే వేయాలి, మిగిలింది తడి చెత్త ఇచ్చిన ఇళ్లకు పంచాలి. ఆకులను ప్లాస్టిక్ సంచుల్లో కట్టడం ఈ ఏడాదితోనే ఆపాలి, కాగితపు సంచులో గోనె సంచులో ఇవ్వాలి. షెడ్డు ఎక్కడో, ఆకులు ఏ రోజుల్లో తీసుకుంటారో మొదటి ఆకు రాలకముందే ప్రతి ఇంటికీ తెలియాలి.