ఊరూ పేరూ లేని ఇరుసు

మన దేశంలో కాగితం లేకుండా కదిలేది ఏదీ లేదు. గేదె చెవికి పసుపు రంగు పోగు, దాని మీద 12 అంకెల సంఖ్య ఉంటాయి. సిమ్ కార్డు కావాలంటే గుర్తింపు పత్రం చూపాలి. పింఛను తీసుకునే పెద్దాయన తాను ఇంకా బతికే ఉన్నానని ఏటా నవంబరులో రుజువు చూపుకోవాలి. ఇంత క్రమశిక్షణ గల దేశంలో, ఏడుగురు మనుషుల బరువు మోస్తూ హైవే మీద గంటకు వంద కిలోమీటర్లు పరుగెత్తే వెనుక ఇరుసుకు మాత్రం ఏ గుర్తింపూ లేదు. ఆర్‌సీలో ఇంజను నంబరు ఉంటుంది, చాసిస్ నంబరు ఉంటుంది, బండి రంగు కూడా ఉంటుంది. ఇరుసు ఎవరిదో, ఎక్కడిదో ఎవరూ అడగరు. పదిహేనేళ్లు బండి నడిపిన నాకూ ఈ ఘోరం తెలియదు. తెలియజెప్పింది మా వీధి చివరి స్పీడు బ్రేకరు.

ముందుగా నా బండిని చట్టం ఏమంటుందో చెప్పాలి. ఎస్‌యూవీ అంటే ఏమిటన్న ప్రశ్న మీద జీఎస్టీ మండలి పెద్దలు తక్కువ శ్రమపడలేదు. ఇంజను 1500 సీసీ దాటాలి. పొడవు 4000 మిల్లీమీటర్లు దాటాలి. నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ 170 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 2022 డిసెంబరు నాటి వివరణలో నాలుగో లక్షణం కూడా ఉండేది: జనం దాన్ని ఎస్‌యూవీ అని పిలుస్తూ ఉండాలి. జనం ఏమని పిలుస్తున్నారో ఇంటింటికీ వెళ్లి కనుక్కోవడం కష్టమనుకున్నారో ఏమో, 2023 జులైలో ఆ లక్షణాన్ని తీసేశారు. ఆ 170 మిల్లీమీటర్లను బండి ఖాళీగా ఉన్నప్పుడే కొలవాలని కూడా అప్పుడే తేల్చారు. పెద్దల అమాయకత్వానికి ముచ్చటేస్తుంది. ఏడు సీట్ల బండి ఖాళీగా పోతుండగా కృష్ణా జిల్లాలో చూసినవారెవరు?

ఆ రాత్రి పెళ్లి నుంచి తిరిగి వస్తున్న నా బండిలో పెద్దలం ఏడుగురం ఉన్నాము. ఒళ్లో కూర్చున్నవారు ముగ్గురు, వారిని మనుషులుగా లెక్కించే ఆచారం మా ఇంట లేదు. వెనుక రెండు బియ్యం బస్తాలు, ఒక ఆవకాయ జాడీ. ఇక స్పీడు బ్రేకరు ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది (పేరు చూసి కంగారు పడకండి, అది ఇంజనీర్ల సంఘం). ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, నున్నగా ఎక్కి నున్నగా దిగాలి. మా వీధిలోనిది ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన కంకరతో ఒక శుభరాత్రి వేసినది. ఎత్తులో ఉదారం, వెడల్పులో పొదుపు. దాని మీద తెల్ల చారలు లేవు, ముందు బోర్డు లేదు. పగలైతే గేదె పడుకుని ఉండటం వల్ల తెలిసేది. రాత్రి గేదె ఇంటికి వెళ్లిపోయింది.

వెనుక చక్రాలు గాలిలోకి లేచి దిగాయి. జాడీ పగలలేదు. మా అత్తగారు ఆ సంగతి ఇప్పటికీ చెబుతారు, జాడీ ఆవిడది.

మర్నాటి నుంచి బండి పాడటం మొదలుపెట్టింది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు కానీ, కందెన కారిపోయే బండి సంగీతం ఇంకా గొప్పది. నలభై దాటితే సన్నని రాగం, అరవై దగ్గర సన్నాయి, ఎనభైలో శంఖం. వెనక నిలబడి చూస్తే రెండు చక్రాల పైఅంచులూ లోపలికి వాలి, దొడ్డికాళ్ల పిల్లవాడిలా ఉంది. టైర్ల లోపలివైపు అరిగిపోతోంది. మేస్త్రీ బండి కిందికి దూరి, చేతికి నల్లని నూనె పూసుకుని బయటికి వచ్చి, "హౌసింగే వంగింది సార్" అన్నాడు, అంటే ఇరుసు మీది ఇనుప తొడుగు. వాడి గొంతులో మరణవార్త చెప్పే మర్యాద ఉంది.

షోరూముకు వెళ్లాను. పేరు చెప్పను, చల్లగా ఉంటుంది, కాఫీ ఇస్తారు. ఇరుసు మొత్తంగా మార్చాలి, తెప్పించడానికి ఆరు వారాలు పడుతుంది, ఖర్చు ఇంత అని ఒక కాగితం ఇచ్చారు. ఆ అంకె చూశాక నా బండిని అమ్మితే దాని ఇరుసు కొనుక్కోవచ్చునని, అయితే అప్పుడు బిగించడానికి బండి ఉండదని అర్థమైంది. బీమావారిని ఆశ్రయించాను. పదేళ్లు దాటిన బండిలో లోహపు భాగాలకు 50 శాతం తరుగుదల అన్నారు. అంటే సగం ఇరుసు వారిస్తారు, మిగిలిన సగం నేను వెతుక్కోవాలి. పాత వస్తువును బాగు చేయించుకునే హక్కు పౌరులకు ఉందని 2022 డిసెంబరులో కేంద్రం ఒక వెబ్‌సైటు కూడా ప్రారంభించింది. నేనా హక్కును అరచేతిలో పెట్టుకుని ఆటోనగర్‌కు బయలుదేరాను.

పాత బండి సామానుకు ఢిల్లీకి మాయాపురి, చెన్నైకి పుదుపేట, మా విజయవాడకు ఆటోనగర్. లారీలకు ఒళ్లు కట్టే ఊరు అది. అక్కడ పాత సామాను దుకాణంలో ఇరుసులు వరుసగా గోడకు ఆనించి ఉంటాయి, పెళ్లిచూపులకు నిలబెట్టినట్టు. నడుమ కడవలా ఉబ్బిన డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే పెట్టె), ఇరువైపులా చాచిన చేతులు. కాగితం లేని చోట మాటే కాగితం కనుక, ఒక్కొక్కదాని వంశచరిత్ర సేటు నోటి నుంచే వినాలి.

"ఇది ఢిల్లీ బండిది సార్. అప్పట్లో అక్కడ డీజిలు బండికి పదేళ్లే ఆయుష్షు. నిండు యవ్వనంలో పోయింది."

నిజానికి ఆ పదేళ్ల నిబంధన 2015లో హరిత ట్రైబ్యునల్ పెట్టిందే, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించిందే. సేటు చరిత్రలో తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇరుసుకు ఉన్న రంధ్రాలే సరిపోలేదు. మా చక్రానికి అయిదు బోల్టులు, దానికి ఆరు. రెండోది సముద్రతీరం నుంచి వచ్చిందని సేటు చెప్పలేదు. మేస్త్రీ స్క్రూడ్రైవరుతో గీకగానే తుప్పు పొరలు పొరలుగా, కాజాలా ఊడి పడింది.

మూడోది చూపించేటప్పుడు సేటు గొంతు తగ్గించాడు. "ఇది ఒక డాక్టరు గారి బండిది సార్. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి. అంతే."

తుక్కు దుకాణాల్లో దొరికే ప్రతి భాగమూ డాక్టరు గారిదే ఎందుకవుతుందో నాకు చాలాకాలంగా సందేహం. మన డాక్టర్ల బండ్లు అంత ఎక్కువగా గుద్దుకుంటూ ఉంటే వైద్య మండలి జోక్యం చేసుకోవాలి. మేస్త్రీ ఏమీ అనలేదు. గొంతుక్కూర్చుని, బ్రేకు డ్రమ్ము వెనుక సందులోకి రెండు వేళ్లు పోనిచ్చి, మెల్లగా లాగాడు. ఎండిన వరిగడ్డి. లాగుతూ ఉంటే వస్తూనే ఉంది. పిడికెడు అయ్యాక దాన్ని సేటు బల్ల మీద, లెక్కల పుస్తకం పక్కన పెట్టాడు. గడ్డి మొదట్లో నల్లరేగడి మట్టి ఉంది.

సేటు దాన్ని కాసేపు చూసి, "డాక్టరు గారికి పొలం ఉండేది సార్" అన్నాడు.

అక్కడి నుంచి పరీక్ష మొదలైంది. గ్యాసు సిలిండరు తీసుకునేటప్పుడు కూడా నేనింత భక్తితో నిలబడలేదు. మేస్త్రీ మూత విప్పి నూనెలో వేలు ముంచి, ఎండలో బొటనవేలితో రుద్దాడు. నూనెలో వెండి మెరుపు ఉంటే లోపలి క్రౌన్ అనే పెద్ద చక్రం పళ్లు అరిగి కలిసిపోతున్నట్టు. మెరుపు లేదు, మామూలు నలుపే. తర్వాత రెండు చివరలా ఇద్దరు కుర్రవాళ్లను కూర్చోబెట్టి, మధ్యనున్న పినియన్ (ఇరుసును తిప్పే చిన్న పళ్లచక్రం) మీద సుద్దముక్కతో గీత గీశాడు. చివరలు రెండూ కలిపి సరిగ్గా ఒక చుట్టు తిప్పమని, పినియన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టాడు. నాలుగు చుట్లు పూర్తయి, అయిదోది మొదలైన కాసేపటికి గీత ఆగింది. మా పాతదానిదీ అదే లెక్క. ఈ లెక్క తప్పితే మామూలు బండిలో స్పీడు ముల్లు అబద్ధాలు చెబుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండిలోనైతే ముందువైపూ వెనుకవైపూ వేర్వేరు లెక్కలు చెప్పుకుని, మధ్యలో ఉన్న పెట్టెను విరగ్గొడతాయి. ఉమ్మడి కుటుంబాల సంగతి తెలిసినవారికి ఇంతకన్నా వివరించనక్కరలేదు.

బేరం 28 వేల దగ్గర తెగింది. కొత్త ఇరుసు ధరలో అది నాలుగో వంతు కూడా కాదు. బేరింగులు, ఆయిల్ సీళ్లు, కమాను కట్టలను పట్టి ఉంచే యూ బోల్టులు మాత్రం కొత్తవే వేయాలని మేస్త్రీ పట్టుబట్టాడు. "ఇనుము పాతదైనా ఫరవాలేదు సార్, రబ్బరు పాతది కాకూడదు." తొంభై నంబరు నూనె పోసి, 500 కిలోమీటర్లు తిరిగాక వచ్చి బోల్టులు మళ్లీ బిగించుకోమన్నాడు. నా పాత ఇరుసును సేటే తూకానికి తీసుకున్నాడు. కాటా మీద దాన్ని చూసినప్పుడు మనసు కొంచెం కలుక్కుమంది. పదిహేనేళ్లు మోసింది. కానీ కిలో ధర చెప్పగానే ఆ బాధ తగ్గింది.

ఆ నెలలోనే రిజిస్ట్రేషన్ పొడిగింపు. పదిహేనేళ్లు నిండిన కారుకు అంతకుముందు 600 రూపాయలు ఉండే రుసుము 2022 ఏప్రిల్‌లో 5000 అయింది. అంత పుచ్చుకుంటున్నారు కాబట్టి పరీక్ష కూడా గట్టిగానే ఉంటుందని రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇరుసు ఎక్కడిదని అడిగితే డాక్టరు గారిదని చెప్పాలా, వరి రైతుదని చెప్పాలా? అధికారి వచ్చి చాసిస్ నంబరు మీద కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశారు. ఇంజను నంబరు టార్చి వేసి చదివారు. హారను కొట్టి చూశారు, వైపర్లు ఆడించమన్నారు. వెనుక అద్దానికి మా అబ్బాయి అంటించిన సినిమా హీరో బొమ్మ దగ్గర చాలాసేపు ఆగి, "ఇది తీసేయాలండీ" అన్నారు. తీసేశాను. బండి సక్రమమైనదని తేలింది.

500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులు బిగించుకోవడానికి మళ్లీ ఆటోనగర్ వెళ్లాను. సేటు దుకాణం ముందు, గోడ వరుసలో, కొత్తగా నల్లరంగు వేసిన ఇరుసు ఒకటి నిలబడి ఉంది. ఎవరో కాల్చి, నొక్కి, వంపు తీశారు. ఎడమ చివర మా అబ్బాయి సైకిలు గొలుసు కట్టినప్పుడు పడిన గాటు అలాగే ఉంది. దాని ముందు ఒక పెద్దమనిషి చేతులు కట్టుకుని నిలబడ్డారు. సేటు గొంతు తగ్గించి చెబుతున్నాడు:

"ఇది బ్యాంకు మేనేజరు గారి బండిది సార్. ఆదివారం గుడికి తప్ప తీయలేదు."

పెద్దమనిషి నావైపు తిరిగి, "మీకేమైనా తెలుసా అండీ వీటి గురించి?" అన్నారు. సేటు నన్ను చూసి నవ్వాడు. మేస్త్రీ నా బండి కింద ఉన్నాడు, నాలుగు బోల్టుల్లో రెండే బిగించాడు.

"మంచి కుటుంబంలోదే అనిపిస్తోందండీ" అన్నాను.